పెద్దల కాళ్ళకు సాధకం

 

ప్రతి కారులోనూ నేను మీ ముందుకు వచ్చి వరి నారు గురించో, పత్తిలో గులాబీ రంగు పురుగు గురించో, బత్తాయి తోటల గురించో మాట్లాడుతుంటాను. ఈవేళ మాత్రం ఆ పైరు పెట్టిన మనిషి కాళ్ళను గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. అరవై, డెబ్బై ఏళ్ళు దాటిన మన పెద్దలు పడిపోకుండా నడవటానికి, ఒకరి చెయ్యి పట్టుకోకుండా తమ పని తాము చేసుకోవటానికి కాళ్ళకు ఇవ్వవలసిన సాధకం ఈనాటి విషయం.

"వ్యవసాయం చెప్పేవాడికి కసరత్తుతో పనేమిటి?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా రైతువేదికలో సమావేశం ముగిసినప్పుడు నేను ఒక సంగతి గమనిస్తుంటాను. పడుచువాళ్ళు కుర్చీలోంచి లేచి వెళ్ళిపోతారు. పాసుపుస్తకంలో పేరున్న పెద్దమనిషి మాత్రం రెండు చేతులూ కుర్చీకి ఊని, ఒకటి రెండుసార్లు ముందుకు ఊగి, మూడోసారికి లేస్తాడు. ఇంకొకాయన పక్కవాడి భుజం పట్టుకొని లేస్తాడు. అలా లేచే పెద్దలు ఏటేటా పెరుగుతున్నారు. 2018లో మొదలుపెట్టిన రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ళ వయసువారికి ఉద్దేశించినది. అరవై దాటిన రైతుకు తన కాళ్ళే బీమా. ఆ కాళ్ళను గురించి చెప్పటం కూడా మా పనిలో భాగమేనని నేను నమ్ముతున్నాను.

ఇది నాకు మా ఇంట్లోనే తెలిసివచ్చింది. 2022 శ్రావణంలో, నాట్లు పడుతున్న రోజుల్లో, మా నాయిన కరిగెట చేసిన మడి ఒడ్డు మీద కాలు జారి పడ్డాడు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. ఎముక విరగలేదు. మోకాలు వాచింది, నడుం పట్టింది, అంతే. నేను ఆయన్ని బండి మీద ఇంటికి తీసుకొచ్చి మంచం వాల్చాను. "నాయినా, ఇగ నువ్వు చేసింది సాలు. కూసో. పొలం నేను జూసుకుంట" అన్నాను. ప్రేమతోనే అన్నాను. మా అమ్మ నీళ్ళు మంచం కాడికే తెచ్చిచ్చేది. అన్నం మంచం కాడికే. బీడీ కట్ట, రేడియో, చేతికర్ర అన్నీ మంచం కాడికే వచ్చినాయి.

వాపు పదిహేను రోజుల్లో తగ్గింది. మంచం మాత్రం వదల్లేదు. దసరా నాటికి గోడ పట్టుకొని నడిచేవాడు. సంక్రాంతి నాటికి మనిషి చెయ్యి ఇస్తే తప్ప లేవలేకపోయాడు. ఒకరాత్రి ఎవర్నీ లేపటం ఇష్టంలేక, ఒక్కడే దొడ్లోకి పోబోయి గడప దగ్గర మళ్ళీ పడ్డాడు. నేను లేపి కూర్చోబెడితే, "కాళ్ళు నాయి గావన్నట్టున్నయ్‌ రా" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలదు.

మరునాడు వైద్యుని దగ్గరికి తీసుకుపోయాను. పరీక్షలన్నీ అయ్యాక, కాళ్ళకు కసరత్తు చేయించే ఫిజియోథెరపీ ఆవిడ మా నాయినను చేతులు కట్టుకొని కుర్చీలోంచి లేవమన్నది. ఒక్కసారి కూడా లేవలేకపోయాడు. "దెబ్బ ఎప్పుడో మానింది. ఈ కాళ్ళను పాడుచేసింది మీరిచ్చిన విశ్రాంతి" అని నాతో మెల్లగా చెప్పింది. అందులో కోపం లేదు. అయినా నేను తల ఎత్తలేకపోయాను.

అందుకు కారణం రైతులకు తెలిసినదే. ఆరు నెలలు కొట్టంలో కట్టేసి మేపిన ఎద్దును దుక్కికి కడితే నాలుగు సాళ్ళు పోకముందే రొప్పుతుంది. మేత తక్కువై కాదు, పని లేక. మనిషి కండ కూడా అంతే. వయసు పైబడిన కొద్దీ అది ఎలాగూ తగ్గుతుంది. పడుకోబెడితే మరీ వేగంగా కరుగుతుంది. 2007లో అమెరికాలో ఒక పరిశోధన ప్రకటించారు. ఆరోగ్యంగా ఉన్న వయసు మళ్ళినవారిని పదిరోజులు మంచం మీదే ఉంచి చూస్తే, వారి కాళ్ళ కండ సుమారు ఒక కిలో తగ్గింది. పది రోజులకే అంత! మా నాయినను నేను అయిదు నెలలు పడుకోబెట్టాను.

అయితే రెండో సంగతి కూడా వినండి. 1990లో బోస్టను నగరంలో 86 నుంచి 96 ఏళ్ళ మధ్య వయసున్న పదిమందికి ఎనిమిది వారాలపాటు తొడలకు బరువులతో సాధకం చేయించారు. వారి తొడల బలం రెట్టింపుకు మించి పెరిగింది. తొంభై ఏళ్ళ కాలుకు కూడా పని చెబితే బలం వస్తుందన్నమాట. న్యూజీలాండు దేశంలో ఒటాగో విశ్వవిద్యాలయంవారు ఇళ్ళలోనే చేసుకొనే కసరత్తుల పద్ధతి ఒకటి తయారుచేసి, 80 ఏళ్ళు దాటిన స్త్రీలతో చేయించి, వారిలో పడిపోవటం తగ్గిందని 1997లో ప్రకటించారు. ఆ తరువాత అనేక దేశాల పరిశోధనలన్నిటినీ కలిపి 2019లో లెక్కచూశారు. సాధకం లేనివారిలో నూరుసార్లు పడటం జరిగేచోట, చేసినవారిలో సుమారు 77 సార్లే జరిగిందని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా కూడా ఇదే: 65 ఏళ్ళు దాటినవారు వారానికి మూడు రోజులకు తక్కువ కాకుండా, కాళ్ళ బలానికీ, ఒంటి నిలకడకూ సంబంధించిన కసరత్తు చెయ్యాలి.

"మేం పుట్టినకాన్నుంచి చేసేది పనే గదా, మళ్ళీ కసరత్తేంది సారూ?" అని ఒక పెద్దమనిషి నన్నడిగాడు. నిజమే. మోట కొట్టిన కాలంలో, నాగలి వెంట నడిచిన కాలంలో ఈ మాట చెప్పవలసిన అవసరం ఉండేది కాదు. ఇప్పుడు దుక్కి ట్రాక్టరు దున్నుతున్నది, నీళ్ళు మోటరు పోస్తున్నది, బాయి కాడికి కొడుకు బండి మీద దింపుతున్నాడు. పైగా పంట పనిలో మనిషి ఎక్కువగా ముందుకు వంగే ఉంటాడు. పక్కకు ఒరిగినప్పుడు నిలదొక్కుకొనే తుంటి కండకు, ఒంటికాలి మీద నిలబెట్టే చీలమండకు పని తక్కువ. ఒడ్డు మీద కాలు జారినప్పుడు మనల్ని కాపాడేవి అవే.

మరి ఎవరి కాళ్ళు ఏ స్థితిలో ఉన్నాయో తెలుసుకొనేదెట్లా? ఎరువు వేసేముందు భూసార పరీక్ష చేయిస్తాం గదా, కాళ్ళకు కూడా అలాంటి పరీక్షలు మూడు ఉన్నాయి. చేసేటప్పుడు పక్కన ఒక మనిషి తప్పక ఉండాలి.

మొదటిది: మోకాలి ఎత్తున్న, చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వెయ్యండి. రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకొని, ముప్ఫై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 65 నుంచి 69 ఏళ్ళ మగవారు 12 సార్లు, ఆడవారు 11 సార్లు అయినా లేవాలి. 75 నుంచి 79 మధ్యవారైతే మగవారు 11, ఆడవారు 10. అంతకు తక్కువైతే కాళ్ళలో బలం తగ్గిందని అర్థం.

రెండోది: కుర్చీలోంచి లేచి, పది అడుగుల దూరం మామూలుగా నడిచి, వెనుదిరిగి వచ్చి కూర్చోవాలి. ఇందుకు 12 సెకన్లో, అంతకంటె ఎక్కువో పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు.

మూడోది: ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్ళు తగిలేటట్టు, ఒక గీత మీద నిలబడ్డట్టు నిలబడాలి. పది సెకన్లు నిలవలేకపోతే నిలకడ తగ్గినట్టే.

ఇక సాధకం సంగతి. దీనికి ఖర్చేమీ లేదు. ఒక గట్టి కుర్చీ, పట్టుకోవటానికి అరుగు మీది గుంజో, కిటికీ చువ్వో ఉంటే చాలు.

ఒకటి, కూర్చొని లేవటం. పాదాలు కొంచెం వెనక్కి లాక్కొని, ముక్కు మోకాళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, లేవండి. మెల్లగా కూర్చోండి, దబ్బున కూలబడవద్దు. దిగేటప్పుడు కూడా తొడకు పనే. మొదట చేతులు ఊని చేయవచ్చు, తరువాత ఒక చెయ్యి, ఆ తరువాత చేతులు లేకుండా.

రెండు, గుంజ పట్టుకొని మునివేళ్ళ మీద లేచి, మెల్లగా మడమలు దింపటం. ఇది పిక్కలకు బలం.

మూడు, గుంజ పట్టుకొని, ఒళ్ళు వంచకుండా ఒక కాలును పక్కకు జానెడు ఎత్తి దింపటం. తరువాత రెండో కాలు. ఇది తుంటికి బలం.

నాలుగు, గుంజ పట్టుకొని ఒంటికాలి మీద పది అంకెలు లెక్కపెట్టేదాకా నిలవటం. నిలకడ కుదిరిన కొద్దీ రెండు చేతుల నుంచి ఒక చేతికి, ఒక చేతి నుంచి రెండు వేళ్ళకు రండి. చెయ్యి గుంజకు దూరంగా మాత్రం పోరాదు.

అయిదు, గోడ పక్కన మడమకు వేళ్ళు ఆనించుకుంటూ పది అడుగులు నడవటం, అటు తరువాత పక్కకు పది అడుగులు నడవటం.

ఎంత చెయ్యాలి? యూరియా అంతా ఒకేసారి చల్లం గదా, దఫాలుగా వేస్తాం. ఇదీ అంతే. మొదటి వారం ఒక్కొక్కటి అయిదేసి సార్లు. సులువైతే ఎనిమిది, తరువాత పది. పది సులువైతే కాసేపు ఆగి రెండో దఫా మరో పది. వారానికి మూడు రోజులు, నడుమ ఒక రోజు విడుపు. మిగతా రోజుల్లో తన శక్తికి తగినంత నడక. మరునాడు తొడలు కొంచెం సలిపితే భయం లేదు. కీలు వాచినా, నొప్పి రెండు రోజులకూ పోకపోయినా దఫా తగ్గించండి.

ఇంకొక్కటి మన ఊళ్ళకు ముఖ్యం. మన పెద్దలు నేల మీద సక్లముక్లం కూర్చొని అన్నం తింటారు, చాప మీద పడుకుంటారు. అంచేత నేల మీదినుంచి లేవటం కూడా నేర్చుకోవాలి. ముందు పక్కకు ఒత్తిగిల్లండి. మోచేతి మీద లేచి, రెండు చేతులు, రెండు మోకాళ్ళ మీదికి రండి. పసిపిల్లలా పాకి మంచం దగ్గరికో, గట్టి కుర్చీ దగ్గరికో పోండి. దాని మీద చేతులు ఊని, బలమున్న కాలి పాదం నేలకు ఆనించి, లేచి, తిరిగి కూర్చోండి. ఇంట్లో మనిషి ఉన్నప్పుడు చాప మీద దీన్ని అభ్యాసం చేసి ఉంచుకుంటే, నిజంగా పడ్డనాడు గంటలకొద్దీ నేల మీద ఉండే దుర్గతి తప్పుతుంది. అయితే పడ్డప్పుడు తుంటి దగ్గర విపరీతమైన నొప్పి ఉండి కాలు కదలకపోయినా, ఆ కాలు పొట్టిగా అయినట్టు కనిపించినా లేవవద్దు, లేపవద్దు. 108కి ఫోన్‌ చెయ్యండి.

ఇప్పుడు ఒక హెచ్చరిక. సాధకం అందరికీ ఒకే తీరుగా పనికిరాదు. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నవారు, కళ్ళు తిరిగి పడ్డవారు, కొత్తగా ఎముక విరిగినవారు, ఆపరేషను అయినవారు వైద్యుణ్ణి అడిగిన తరువాతనే మొదలుపెట్టాలి. మరీ ముఖ్యంగా మన నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్‌ బాధితులు ఉన్నారు. ఫ్లోరైడు లీటరు నీటికి ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదు. అంతకు ఎంతో మించిన బోరు నీళ్ళు ఏళ్ళతరబడి తాగిన తరం మనది. మిషన్‌ భగీరథ కింద కృష్ణా నీళ్ళు ఊళ్ళకు వచ్చినాయి. పిల్లలకు మేలు జరిగింది. కాని అప్పటికే బిగిసిపోయిన మెడ, వెన్ను, మోకాళ్ళు కొత్త నీళ్ళతో వంగవు, కసరత్తుతోనూ వంగవు. ఈ మాట దాచి చెబితే మోసం చేసినట్టే. వారిలో కొందరికి వెన్నుపాము మీద ఒత్తిడి కూడా ఉంటుంది. అంచేత మెడ తిప్పించుకోవటం, నడుం తొక్కించుకోవటం, బలవంతంగా కీళ్ళు వంచటం చేయరాదు. కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కుతున్నా, నడక తడబడుతున్నా వైద్యునికి చూపించాలి. నార్కట్‌పల్లిలో 1999 నుంచి వైద్య కళాశాల, దాని ఆసుపత్రి ఉన్నాయి. మనకు మరీ దూరం పోవలసిన పని లేదు. అలాంటివారు కూడా వైద్యుని సలహా మీద, కదిలే కీళ్ళకు, మిగిలిన కండకు పని చెప్పుకోవచ్చు. వంగని మోకాలికి ఎత్తైన కుర్చీ, ఎత్తైన పీట, పట్టుకొనే కడ్డీ ఇంట్లోవాళ్ళు ఏర్పాటుచెయ్యాలి.

కాళ్ళతోపాటు ఇంటిని కూడా సవరించాలి. కుంగిపోయిన మంచంలోంచి పహిల్వాను కూడా లేవలేడు, నవారు బిగించండి. రాత్రి లేవగానే నడవకుండా, మంచం అంచున కాళ్ళు వేలాడేసి, పాదాలు ఆడిస్తూ ఒక నిమిషం కూర్చోండి. రక్తపోటు మందులు వాడేవారికి ఇది మరీ అవసరం. దిండు పక్కన టార్చిలైటు ఉంచండి. వెనక పట్టీ లేని, అరిగిన చెప్పులు మానండి. ఆడవారు చీర కుచ్చెళ్ళు పాదం మీదికి జారకుండా కట్టుకోవాలి. మరుగుదొడ్డిలో కూర్చున్నప్పుడు చేతికందే ఎత్తున గోడకు కడ్డీ పెట్టించండి. ఇంట్లో పడివున్న డ్రిప్పు పైపు ముక్క కాదు, ఇనుపది. కంట్లో శుక్లం ఉంటే తీయించండి. కండకు పని ఎంత అవసరమో తిండీ అంతే అవసరం; పప్పో, గుడ్డో, పాలో రోజూ పెద్దల కంచంలో పడేటట్టు చూడండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఇది మన పట్టికలో లేని పని. అయినా రైతువేదికలో సమావేశానికి పదిమంది ముందుగా వస్తారు, మిగతావారి కోసం ఎదురుచూస్తారు. ఆ పది నిమిషాలు వృథా పోనియ్యకండి. ఆశా కార్యకర్తనో, నర్సునో పిలిచి, కుర్చీలోంచి లేచే పరీక్ష చేయించండి. అంకె ఒక పుస్తకంలో రాయండి. రెండు నెలలకు మళ్ళీ రాయండి. ప్రదర్శన క్షేత్రం చూస్తే తప్ప రైతు విత్తనం మార్చడని మనకు తెలుసు. తన అంకె తాను చూసుకొంటే తప్ప ముసలాయన సాధకం చెయ్యడు. నలుగురైదుగురు కలిసి చేస్తే విడిచిపెట్టరు కూడా.

కొడుకులకు, కోడళ్ళకు, బిడ్డలకు ఒక మనవి. "నువ్వు కూసో" అనే మాట తగ్గించండి. చెంబెడు నీళ్ళు తెచ్చుకోగల మనిషిని తెచ్చుకోనివ్వండి. పక్కన నిలబడండి, కాని చేతిలోని పని లాక్కోకండి. పని ఆలస్యమవుతుంది, కానివ్వండి.

మా నాయిన సంగతి చెప్పి ముగిస్తాను. మొదటి వారం రెండు చేతులూ ఊని మూడుసార్లు లేచాడు. నాలుగోసారికి "నన్ను సంపుతవా బిడ్డా" అని నన్ను తిట్టాడు. రెండో వారం మా అమ్మ కూడా గుంజ పట్టుకొని పక్కన నిలబడ్డది. ఆమె కంటె తక్కువ చేస్తే ఆయనకు చిన్నతనం. ఉగాది నాటికి చేతులు కట్టుకొని ముప్ఫై సెకన్లలో నాలుగు. మళ్ళీ నాట్ల నాటికి తొమ్మిది. తొమ్మిది దగ్గరే ఆగింది, పదకొండు రాలేదు. చెర్వుగట్టు మెట్లు ఎక్కాలని ఆయన కోరిక. అది తీరలేదు, ఇక తీరుతుందని నేను చెప్పలేను. మడి ఒడ్ల మీద నడవటం మానేశాడు. బండ్లబాట మీదుగా కర్ర పట్టుకొని పొలం మొదట్లో ఉన్న చింతచెట్టు దాకా పోతాడు. అక్కడ కూర్చొని నా తప్పులన్నీ చెబుతాడు.

ఒక రాత్రి అలికిడికి నాకు మెలకువ వచ్చింది. టార్చిలైటు వెలుగు దొడ్డివైపు పోయింది. నేను లేవబోయి ఆగాను. కాసేపటికి వెలుగు తిరిగి వచ్చింది, గడప దాటింది, మంచం కిర్రుమంది. తెల్లవారి ఆ సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

మీ ఇంట్లో పెద్దలుంటే ఈ సాయంత్రమే ఒక కుర్చీ గోడకు ఆనించి వెయ్యండి. చేతులు కట్టుకొని లేవమనండి. మీరు పక్కన నిలబడి లెక్కపెట్టండి.